మట్టి డీఎన్‌ఏ ఇచ్చే పేర్ల పట్టీని ఎంతవరకు నమ్మాలి?

ఒక గ్రాము మట్టిలో వందల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయన్న మాట పాఠ్యపుస్తకాల్లోనూ ఉపన్యాసాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. మాట నిజమే. కానీ మట్టి గురించి అడగగల ప్రశ్నల్లో ఎన్ని ఉన్నాయన్నది బహుశా అన్నిటికన్నా తేలికైనది. కణాలకు రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద లెక్కపెడితే జవాబు వచ్చేస్తుంది. వాటిలో ఎన్ని రకాలున్నాయి, ఏవి బతికి ఉన్నాయి, బతికున్నవాటిలో ఏవి పనిలో ఉన్నాయి, ఏ పనిలో ఉన్నాయి అని అడిగినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. నలభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు జవాబులను మట్టిలోంచి తీసిన డీఎన్‌ఏలో వెతుకుతున్నారు. ఆ వెతుకులాట చివర చేతికి వచ్చేది ఒక పేర్ల పట్టీ. పక్కన కొన్ని అంకెలు. ఆ పట్టీ ఎంత విలువైనదో, దాన్ని తొందరపడి చదివితే అంత తప్పుదారి పట్టిస్తుంది.

డీఎన్‌ఏ రాకముందు ఉన్న దారి ఒక్కటే: పెంచి చూడటం. మట్టిని నీటిలో కలిపి, బాగా పలచబరిచి, అగర్ అనే జెల్లీ పోసిన పెట్రీ పళ్లెం మీద పరిచి కొన్ని రోజులు వెచ్చగా ఉంచితే చుక్కలు చుక్కలుగా సూక్ష్మజీవుల గుంపులు పైకి తేలతాయి. ఈ పద్ధతిని చిన్నచూపు చూడనక్కర్లేదు. క్షయ వ్యాధికి తొలి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది ఇలా పెంచిన మట్టి బ్యాక్టీరియా నుంచే. అయితే ఒక లెక్క మాత్రం ఎప్పుడూ కుదరలేదు. సూక్ష్మదర్శినిలో వంద కణాలు కనిపించిన మట్టి నుంచి పళ్లెం మీద మొలిచేది మహా అయితే ఒకటి. జేమ్స్ స్టేలీ, అలన్ కొనోప్కా 1985లో ఈ తేడాకు 'పళ్లెం లెక్కలోని మహా అసంగతి' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మొలవని తొంభై తొమ్మిదీ చచ్చినవని కాదు. కొన్నిటికి ప్రయోగశాల తిండి మరీ బలమైనది. కొన్ని పక్కనున్న జీవి విడిచే పదార్థం అందనిదే పెరగవు. కొన్ని ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, వారం రోజులు చూసి పళ్లేన్ని పారేసే పరిశోధకుడి కంట అవి ఎన్నటికీ పడవు.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయంలో విగ్దిస్ తోర్స్‌విక్ బృందం ఈ చిక్కును వేరే వైపు నుంచి విప్పింది. బీచ్ చెట్ల అడవి మట్టి నుంచి బ్యాక్టీరియాను వేరుచేసి, వాటి డీఎన్‌ఏను కలగాపులగంగానే బయటికి తీశారు. వేడిచేస్తే డీఎన్‌ఏలోని జంట పోగులు విడిపోతాయి. చల్లారిస్తే ఒక్కో పోగు తన జతను వెతుక్కుని మళ్లీ అతుక్కుంటుంది. మిశ్రమంలో ఒకే రకం జీవి ఉంటే జత వెంటనే తగులుతుంది. రకాలు పెరిగినకొద్దీ జత దొరకడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, 1990లో వారు ఒక అంకె ప్రకటించారు. ఆ మట్టి బ్యాక్టీరియాలోని వైవిధ్యం ఒకదానితో ఒకటి పోలికే లేని సుమారు 4,000 జన్యురాశులకు (ఒక జీవిలోని మొత్తం డీఎన్‌ఏ ఒక జన్యురాశి) సమానం. అదే మట్టి నుంచి పళ్లేల మీద పెంచిన బ్యాక్టీరియాలో కనిపించిన వైవిధ్యానికి ఇది దాదాపు 200 రెట్లు. ఒక్క జన్యువులోని రసాయన అక్షరాల వరుసను, అంటే క్రమాన్ని కూడా చదవకుండా, పోగులు అతుక్కోవడానికి పట్టిన సమయాన్ని బట్టే తేల్చిన ఈ ప్రయోగం ఈ రంగం మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైనది. దగ్గరి చుట్టాలైన జాతులను ఆ పద్ధతి విడిగా గుర్తించలేదు కాబట్టి అసలు జాతుల సంఖ్య అంతకంటే ఎక్కువే ఉండాలి.

వైవిధ్యం ఎంతో తెలిసినా పేర్లు తెలియలేదు. పేర్లకు దారి వేసినది రైబోజోమ్. ప్రోటీన్లు తయారుచేసే ఈ యంత్రం ప్రతి జీవిలోనూ ఉంటుంది. బ్యాక్టీరియాలోనూ, వాటిలాగే కనిపించే ఆర్కియా అనే సూక్ష్మజీవుల్లోనూ దాని ఒక భాగాన్ని 16ఎస్ అంటారు. దానికి సంబంధించిన జన్యువు సుమారు 1,500 అక్షరాల పొడవు ఉంటుంది. అందులో కొన్ని చోట్లు కోట్ల సంవత్సరాలుగా దాదాపు మారలేదు. వాటి మధ్య తొమ్మిది చోట్లు మాత్రం జాతిని బట్టి మారుతూ వచ్చాయి. మారని భాగాన్ని పట్టుకుని మారే భాగాన్ని చదివితే అది ఎవరిదో చెప్పవచ్చు. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో ఈ అణువును పోల్చి చూసే, అప్పటిదాకా బ్యాక్టీరియా అనుకుంటున్న కొన్ని జీవులు వేరే శాఖకు చెందినవని తేల్చారు. ఆ శాఖే నేటి ఆర్కియా. 1980లలో నార్మన్ పేస్ ఇంకో అడుగు వేసి, జీవిని పెంచకుండా దాని పరిసరాల నుంచే నేరుగా ఈ అణువును తీసి చదవవచ్చని చూపారు. శిలీంధ్రాలకు ఇదే పని చేసే మరో భాగం ఉంది. ఐటీఎస్ అనే ఆ భాగాన్ని 2012లో వాటి గుర్తింపు చిహ్నంగా ప్రతిపాదించారు.

ఇలా పరిసరాల నుంచి తీసేదాన్ని పర్యావరణ డీఎన్‌ఏ అంటారు. ఈ మాటను రెండు వర్గాలవారు రెండు రకాలుగా వాడుతుంటారు. మట్టి సూక్ష్మజీవుల మీద పనిచేసేవారికి అది పరిసరాల నుంచి తీసిన మొత్తం డీఎన్‌ఏ. బతికున్న కణాల లోపలిది కూడా అందులో భాగమే. 1987లో ఓగ్రమ్, సేలర్, బార్కే అడుగుమట్టి నుంచి సూక్ష్మజీవుల డీఎన్‌ఏను తీసే పద్ధతి గురించి రాసినప్పుడు ఆ అర్థమే ఉంది. జంతువుల మీద పనిచేసేవారికి మాత్రం అది జీవి వదిలిపోయిన ఆనవాలు. రాలిన చర్మం, మలం, జిగురు, వెంట్రుక అన్నమాట. ఫ్రాన్స్‌లో చెరువు నీళ్లను మాత్రమే పరీక్షించి అక్కడ అమెరికన్ బుల్‌ఫ్రాగ్ అనే కప్ప చొరబడిందని 2008లో ఒక బృందం చూపిన తరువాత ఈ రెండో అర్థం బాగా వ్యాపించింది. మట్టిలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒకే చెంచా మట్టిలో అక్కడే పుట్టి పెరిగిన బ్యాక్టీరియా, వేళ్ల ముక్కలు, పై నుంచి రాలిన ఆకు, వానపాము, దాటిపోయిన జంతువు అన్నీ సంతకాలు చేసి ఉంటాయి. 2012లో డెన్మార్క్ పరిశోధకులు సఫారీ పార్కుల మట్టిని పరీక్షించి, అక్కడ ఏ జంతువులు ఉన్నాయో డీఎన్‌ఏ బట్టి చెప్పగలిగారు. అక్కడ ఏ జంతువులున్నాయో ముందే తెలుసు కాబట్టి పద్ధతిని సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.

ఇక పట్టీ తయారయ్యే తీరు చూద్దాం. చాలా తప్పులు ప్రయోగశాలకు చేరకముందే, నేల మీదే జరిగిపోతాయి. సాధారణంగా డీఎన్‌ఏ తీయడానికి వాడే మట్టి పావు గ్రాము. ఆ పావు గ్రాము ఒక ఎకరానికో, ఒక కొండవాలుకో ప్రతినిధి కావాలి. సూక్ష్మజీవి కొలతలో చూస్తే మట్టి ఒకే ముద్ద కాదు. వేరుకు ఆనుకున్న పొర ఒక ప్రపంచం. అక్కడికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, గాలి ఆడని మట్టి గడ్డ నడిమధ్య మరో ప్రపంచం. పైన ఐదు సెంటీమీటర్లలో ఉన్న సూక్ష్మజీవుల సమాజం అర మీటరు లోతులో ఉండదు. అందుకే అనేక చోట్ల నుంచి తవ్వి, బాగా కలిపి, అందులోంచి పావు గ్రాము తీస్తారు. అలా కలిపినప్పుడు మొత్తం నేల సగటు తెలుస్తుంది. ఎవరు ఎవరి పక్కన ఉన్నారన్న సమాచారం మాత్రం శాశ్వతంగా పోతుంది. సూక్ష్మజీవుల లోకంలో పొరుగు ఎవరన్నది చిన్న విషయం కాదు. కొన్ని వందల మైక్రోమీటర్ల దూరంలో ఉన్న రెండు బ్యాక్టీరియాలు జీవితకాలంలో ఒకదానికొకటి తారసపడకపోవచ్చు. ఒకే గొట్టంలో వాటి డీఎన్‌ఏ కలిసి కనిపించిందని అవి కలిసి బతుకుతున్నాయని రాసే పత్రాలు మాత్రం తక్కువేం లేవు.

తరువాత కణాలను పగలగొట్టాలి. కొన్ని కణాల గోడ సబ్బులాంటి రసాయనానికే కరిగిపోతుంది. మరికొన్నిటి గోడ దళసరిగా ఉంటుంది. శిలీంధ్రాల బీజాలు, కొన్ని బ్యాక్టీరియాల విశ్రాంతి రూపాలు మొండివి. అందుకే మట్టిని సన్నని గట్టి పూసలతో కలిపి యంత్రంలో విపరీతమైన వేగంతో కుదుపుతారు. తక్కువ కుదిపితే మొండివి పట్టీలోకి రావు. ఎక్కువ కుదిపితే మెత్తనివాటి డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. అందరికీ సరిపోయే కుదుపు అంటూ ఒకటి లేదు. పైగా బంకమన్ను రేణువులు బయటపడిన డీఎన్‌ఏను తమ ఉపరితలానికి అతికించుకుని వదలవు. ఇసుక నేల నుంచి వచ్చినంత డీఎన్‌ఏ బంకనేల నుంచి రాలేదంటే, అక్కడ జీవం తక్కువనే అర్థం రానక్కర్లేదు.

డీఎన్‌ఏతోపాటు వచ్చే మరో అతిథి హ్యూమిక్ పదార్థాలు. ఆకులు, వేళ్లు కుళ్లగా మిగిలిన ఈ గోధుమ రంగు పదార్థాలు డీఎన్‌ఏలాగే ప్రవర్తిస్తూ దానితోపాటే గొట్టంలోకి దిగుతాయి. తరువాతి దశలో పనిచేయాల్సిన ఎంజైమ్‌ను ఇవి అడ్డుకుంటాయి. మట్టి నుంచి తీసిన ద్రవం టీ రంగులో ఉంటే ఆ రోజు పని ముందుకు సాగదని ఈ రంగంలో కొత్తగా చేరినవారికి కూడా కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. మంచి డీఎన్‌ఏ ఉండి కూడా ఫలితం 'ఏమీ లేదు' అని రావడానికి ఇది పెద్ద కారణం.

ఆ ఎంజైమ్ పనిచేసే దశే పీసీఆర్. కావలసిన జన్యుభాగానికి రెండు చివర్లా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను ప్రైమర్లు అంటారు. వాటి మధ్య భాగాన్ని ఎంజైమ్ మళ్లీ మళ్లీ నకలు తీసి కోట్ల ప్రతులు చేస్తుంది. వేడికి చెడని ఆ ఎంజైమ్ మొదట దొరికింది 1960లలో థామస్ బ్రాక్ అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో పట్టిన బ్యాక్టీరియాలో. పెంచితే పెరిగే ఒక సూక్ష్మజీవి ఇచ్చిన పనిముట్టుతోనే, పెరగని లక్షల సూక్ష్మజీవులను వెతుకుతున్నామన్నమాట.

ప్రైమర్ అతుక్కోవాలంటే ఆ జీవి జన్యువులో దానికి సరిపోయే అక్షరాలు ఉండాలి. ప్రైమర్లను తయారుచేసేది అప్పటికి తెలిసిన జీవుల క్రమాలను చూసి. అంటే తెలియని జీవిని వెతికే సాధనం కూడా తెలిసిన జీవుల పోలికతోనే తయారైంది. దీని వల్ల జరిగిన పొరపాటుకు వెర్రుకోమైక్రోబియా అనే బ్యాక్టీరియా వర్గం మంచి ఉదాహరణ. చాలాకాలం మట్టి పట్టీల్లో వీటికి అట్టడుగున ఏదో ఒక మూల చోటుండేది. ఎక్కువమంది వాడే ప్రైమర్ వీటి జన్యువుకు సరిగ్గా అతుక్కోదని గుర్తించి, మరో ప్రైమర్‌తో చూస్తే కథ మారింది. వేర్వేరు ఖండాల మట్టి నమూనాల్లో బ్యాక్టీరియా క్రమాల్లో సగటున 23 శాతం వీటివేనని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. దాదాపు నాలుగో వంతు సమాజం ఏళ్ల తరబడి లెక్కకు రాలేదు. మట్టి మారలేదు, ప్రైమర్ మారింది. ఇప్పుడు మనం వాడుతున్న ప్రైమర్లకు చిక్కని వర్గాలు ఇంకా ఉండవని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

లేనివి కనిపించడం ఇంకో రకం తంటా. డీఎన్‌ఏ తీసే రసాయనాలు, నీళ్లు, గొట్టాలు పూర్తిగా శుభ్రంగా ఉండవు. 2014లో సుసానా సాల్టర్ బృందం ఒకే ఒక బ్యాక్టీరియాను తీసుకుని దశలవారీగా పలచబరుస్తూ డీఎన్‌ఏ చదివించింది. పలచబడినకొద్దీ అసలు బ్యాక్టీరియా తగ్గి, డీఎన్‌ఏ తీసే కిట్లలోంచి వచ్చిన పరాయి బ్యాక్టీరియా పట్టీని ఆక్రమించింది. ఆ పరాయివాటిలో చాలా వరకు మామూలుగా మట్టిలోనూ నీళ్లలోనూ ఉండే రకాలు. మట్టి పరిశోధకుడికి ఇది మరీ ఇబ్బంది. దొంగ ఇంటివాళ్ల బట్టలే కట్టుకుని వచ్చాడు. సారవంతమైన పైమట్టిలో అసలు డీఎన్‌ఏ సమృద్ధిగా ఉంటుంది కాబట్టి ఈ కల్తీ పెద్దగా బాధించదు. ఎడారి ఇసుక, లోతైన పొరలు, అంటార్కిటికా మట్టి వంటి చోట్ల మాత్రం జీవం అంతంతమాత్రం. అక్కడ ఫలితం మొత్తం కల్తీ కావచ్చు. దీనికి మందు ఒకటే: మట్టి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అన్ని దశలూ దాటించి, దానిలో ఏం వచ్చిందో చూడటం.

ఇన్ని జల్లెళ్లు దాటి వచ్చిన పట్టీ ఎలాంటిదంటే, ఓటర్ల జాబితా లాంటిది. ఊరి గురించి ఎంతో చెబుతుంది. అందులో పోయినవాళ్ల పేర్లు ఉంటాయి. కొందరి పేర్లు రెండుసార్లు ఉంటాయి. ఏళ్ల నుంచి అక్కడే ఉన్నా కొందరి పేరు ఎక్కదు. రెండుసార్లు రావడానికి కారణం, 16ఎస్ జన్యువు కొన్ని బ్యాక్టీరియాల్లో ఒకే ప్రతిగా ఉంటే మరికొన్నిటిలో పది, పదిహేను ప్రతులు ఉండటం. త్వరగా పెరిగే రకాల్లో ప్రతులు ఎక్కువ కాబట్టి అవి పట్టీలో ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తాయి.

పోయినవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. కణం చచ్చి పగిలాక డీఎన్‌ఏ వెంటనే మాయం కాదు. బంకమన్ను, హ్యూమిక్ పదార్థాలు దాన్ని పట్టుకుని, తినేసే ఎంజైమ్‌ల నుంచి కాపాడతాయి. దీన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలన్న ప్రశ్నకు 2016లో పాల్ కరీనీ, నోవా ఫియరర్ తదితరులు ఒక తెలివైన రంగుతో జవాబు చెప్పారు. ఆ రంగు చెక్కుచెదరని కణంలోకి దూరలేదు. బయట ఉన్న డీఎన్‌ఏకూ పగిలిన కణాల డీఎన్‌ఏకూ అంటుకుని, వెలుతురు పడగానే దాన్ని నకలుకు పనికిరాకుండా చేస్తుంది. రంగు వేసిన మట్టినీ వేయని మట్టినీ పోలిస్తే తేడా తెలుస్తుంది. వారు చూసిన నేలల్లో సగటున 40 శాతం డీఎన్‌ఏ బతికున్న కణాలది కాదు. దాని వల్ల జాతుల సంఖ్య కొన్ని చోట్ల 55 శాతం వరకు ఎక్కువగా కనిపించింది. సగటు అంత ఉన్నా నేల నేలకూ తేడా చాలా ఉంది. అందుకే ఏ లెక్కకైనా సగటున 40 శాతం కోత వేసి సరిపెట్టుకుందామంటే కుదరదు.

ఒకరికి చిక్కు తెచ్చిన గుణమే మరొకరికి వరమైంది. డీఎన్‌ఏ మట్టిలో నిలిచి ఉంటుంది కాబట్టే పాతకాలపు మట్టిని చదవగలుగుతున్నారు. ఎస్కే విల్లర్స్‌లెవ్ బృందం 2003లో సైబీరియా శాశ్వత మంచునేలల నుంచి లక్షల సంవత్సరాల కిందటి మొక్కల డీఎన్‌ఏనూ, మామత్ వంటి జంతువుల డీఎన్‌ఏనూ ఒక్క ఎముక కూడా అవసరం లేకుండా పైకి తెచ్చింది. 2022లో ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని కాప్ కోపెన్‌హావ్న్ అనే చోటి అడుగుమట్టి నుంచి సుమారు ఇరవై లక్షల సంవత్సరాల నాటి డీఎన్‌ఏ చదివారు. ఇప్పుడు చెట్టనేదే లేని ఆ నేల మీద అప్పట్లో చెట్లూ, కుందేళ్లూ, ఏనుగుల దూరపు చుట్టమైన మాస్టోడాన్లూ ఉండేవని అది చెప్పింది. చలీ, ఖనిజాల పట్టూ రెండూ కలిసి వచ్చిన అరుదైన చోటు అది. తడిగా, వెచ్చగా ఉండే నేలలో డీఎన్‌ఏ అంతకాలం నిలవదు.

పేర్ల సంగతి ఇలా ఉంటే పక్కనున్న అంకెలు ఇంకో కథ. 'ఈ మట్టిలో ఆ మట్టి కన్నా వైవిధ్యం ఎక్కువ' అని రాయడానికి ముందు వైవిధ్యం అంటే ఏమిటో తేల్చుకోవాలి. రకాల సంఖ్య ఒక కొలత. ఆ రకాలు ఎంత సమంగా పంచుకున్నాయన్నది మరో కొలత. వెయ్యి రకాలున్నా ఒక్కటే తొంభై శాతం ఆక్రమిస్తే అది ఒక తరహా సమాజం. రెండు వందల రకాలే సమంగా ఉంటే అది వేరే తరహా. పైగా యంత్రంతో ఎక్కువ చదివించినకొద్దీ అరుదైన రకాలు బయటపడుతూనే ఉంటాయి. ఒక నమూనాను పదివేల సార్లు, మరోదాన్ని లక్షసార్లు చదివించి రకాలను పోల్చడం అన్యాయం. రకం అంటే ఏమిటన్నది కూడా ఒప్పందమే. ఒకప్పుడు 97 శాతం పోలిక ఉన్న క్రమాలను ఒకే రకం కింద కట్టేవారు. ఇప్పుడు ఒక్క అక్షరం తేడా ఉన్నా విడిగా చూసే పద్ధతులు వచ్చాయి. పాత పత్రంలోని అంకెనూ కొత్త పత్రంలోని అంకెనూ పక్కపక్కన పెట్టి 'పెరిగింది' అనకూడదు.

ఇంకో చిన్న మడతపేచీ ఎంతోమందిని పడగొట్టింది. డీఎన్‌ఏ చదివే సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చేది వాటాలు. ఒక నేలలో క, గ అనే రెండు రకాలు చెరో వంద ఉన్నాయనుకుందాం. వాన తరువాత క మూడు వందలైంది, గ వందగానే ఉంది. యంత్రం దృష్టిలో గ వాటా సగం నుంచి పావుకు పడిపోయింది. 'వానకు గ దెబ్బతింది' అని ఎవరైనా రాస్తే, దెబ్బతిన్నది లెక్క మాత్రమే. మొత్తం ఎంత ఉందో విడిగా కొలవనిదే వాటాల నుంచి పెరుగుదల, తరుగుదల చెప్పడం సాహసం.

ఇన్ని లొసుగులు చెప్పాక ఈ పద్ధతి వల్ల ఏం తెలిసిందని అడగడం న్యాయం. చాలా తెలిసింది. అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది 2006లో ఫియరర్, రాబర్ట్ జాక్సన్ ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి 98 నమూనాలు తెచ్చి చూపినది. మొక్కలకూ జంతువులకూ వైవిధ్యం భూమధ్యరేఖ వైపు పెరుగుతుంది. మట్టి బ్యాక్టీరియా ఆ నియమాన్ని పట్టించుకోలేదు. ఉష్ణోగ్రత, అక్షాంశం వంటివి దాదాపు ఏమీ చెప్పలేకపోగా, మట్టి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ ఒక్కటే వైవిధ్యంలోని తేడాలను చాలావరకు వివరించింది. తటస్థ నేలల్లో వైవిధ్యం ఎక్కువ, ఆమ్ల నేలల్లో తక్కువ. పైన జీవరాశి పొంగిపొర్లే పెరూ అమెజాన్ అడవి నేల ఆ అధ్యయనంలో అత్యంత ఆమ్లమైనదీ, బ్యాక్టీరియా వైవిధ్యంలో అత్యంత పేదదీ. పైన చూసి కింద ఉన్నదాన్ని ఊహించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. పచ్చగా ఉన్నచోటల్లా నేల లోపల కూడా అంతే సంపన్నంగా ఉంటుందని ఊహించుకునే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది.

ఇంకో సంగతి, రకాలు లెక్కలేనన్ని ఉన్నా పెద్దలు కొద్దిమందే. ఆరు ఖండాల్లోని 237 చోట్ల నుంచి తెచ్చిన మట్టిని పోల్చిన 2018 నాటి అధ్యయనంలో, మొత్తం బ్యాక్టీరియా రకాల్లో రెండు శాతం మాత్రమే, అంటే 511 రకాలు, దాదాపు సగం సమాజానికి లెక్క వచ్చాయి. ప్రపంచమంతటా నేల కింద సమృద్ధిగా ఉన్న ఈ కొద్ది రకాల్లో కూడా ఎక్కువ భాగం ఇంకా ఎవరూ పెంచి చూడనివే, జన్యురాశి మొత్తం చదవనివే.

ఇక చివరిదీ, అన్నిటికన్నా పెద్దదీ అయిన అంతరం పేరుకూ పనికీ మధ్య ఉంది. నేలలో అమోనియాను ఆక్సీకరించి నైట్రేట్ దారి పట్టించడం బ్యాక్టీరియా పని అని పంతొమ్మిదో శతాబ్దం చివర సెర్గీ వినోగ్రాడ్‌స్కీ చూపినప్పటి నుంచి అందరూ నమ్మారు. 2006లో ఆ పని చేసే ఎంజైమ్ తాలూకు జన్యువును మట్టి డీఎన్‌ఏలో లెక్కపెట్టినప్పుడు ఆర్కియా ప్రతులు బ్యాక్టీరియా ప్రతుల కన్నా ఎక్కువని తేలింది. కొన్ని చోట్ల 3,000 రెట్ల దాకా. పాఠ్యపుస్తకం తిరగరాయాలని అనిపించే ఫలితం ఇది. మూడేళ్లకు న్యూజీలాండ్ పచ్చికనేలల్లో పరిశోధన చేసినవారు ఇంకో ప్రశ్న వేశారు: సరే, ఎక్కువ ఉన్నారు, పని ఎవరు చేస్తున్నారు? నత్రజని దండిగా ఉన్న ఆ నేలల్లో నైట్రేట్ తయారీ బ్యాక్టీరియా పెరుగుదలతోనే ముడిపడి ఉంది, ఆర్కియాతో కాదు. నత్రజని తక్కువగా, నెమ్మదిగా అందే నేలల్లో మాత్రం ఆర్కియా పాత్ర పెద్దదని తరువాతి పరిశోధనలు సూచించాయి. జన్యువు ఉండటం సామర్థ్యం. అది ఈ రోజు, ఈ నేలలో వాడుకలో ఉందా అన్నది వేరే ప్రశ్న. మట్టిలో ఏ క్షణంలో చూసినా అత్యధిక భాగం కణాలు నిద్రావస్థలో ఉంటాయన్నది గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఈ అంతరాన్ని పూడ్చడానికి మూడు నాలుగు దారులున్నాయి. మొత్తం డీఎన్‌ఏను ప్రైమర్లు లేకుండా చదివే మెటాజీనోమిక్స్ ఒకటి. 1998లో జో హాండెల్స్‌మన్ బృందం ఈ మాటకు ప్రాణం పోసింది. దానితో జన్యువుల పూర్తి సరంజామా తెలుస్తుంది. జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు ఆర్ఎన్ఏ. దాన్ని చదివితే ఏ జన్యువులు ఆ క్షణంలో వాడుకలో ఉన్నాయో కొంతవరకు తెలుస్తుంది. కానీ ఆర్ఎన్ఏ చాలా త్వరగా మారిపోతుంది. మట్టి తవ్వి సంచిలో వేసే లోపలే సమాజం ఉలిక్కిపడి కొత్త ఆర్ఎన్ఏ రాస్తుంది. నాకు ఎక్కువ నచ్చిన దారి 2000లో కొలిన్ ముర్రెల్ సహచరులు అడవి మట్టిలో చేసి చూపినది. బరువైన కార్బన్-13 కలిపిన మెథనాల్‌ను మట్టికి తినిపిస్తారు. దాన్ని తిని పెరిగిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏ కూడా బరువెక్కుతుంది. అపకేంద్ర యంత్రంలో గిర్రున తిప్పితే బరువైన డీఎన్‌ఏ విడిగా పొర కడుతుంది. ఆ పొరలోని పేర్లే తిన్నవాళ్ల పేర్లు. శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఒక్కసారికి ఒక్క తిండి గురించే తెలుస్తుంది. కానీ వచ్చిన జవాబు దేనికి జవాబో కచ్చితంగా తెలుస్తుంది.

పాత దారి కూడా మూసుకుపోలేదు. ఒక్కో కణాన్ని చిన్న గదిలో బంధించి, ఆ పరికరాన్ని తిరిగి మట్టిలోనే పాతిపెట్టి పెంచే పద్ధతితో దొరికిన బ్యాక్టీరియా నుంచి 2015లో టీక్సోబ్యాక్టిన్ అనే కొత్త యాంటీబయాటిక్ బయటపడింది. పేరు మాత్రమే తెలిసిన జీవి నుంచి మందు తీయలేం. చాలాసార్లు ఎక్కడో ఒక దగ్గర దాన్ని పెంచాల్సి వస్తుంది.

పాడైన నేలను బాగుచేయడంలో ఈ జ్ఞానం ఉపయోగపడుతుందా? నెదర్లాండ్స్‌లో సాగు మానేసిన భూమి మీద పైమట్టి తీసేసి, కొన్నిచోట్ల పచ్చికనేల మట్టిని, కొన్నిచోట్ల హీత్ అనే పొదలనేల మట్టిని పలచగా చల్లారు. ఆరేళ్ల తరువాత చూస్తే, పచ్చిక మట్టి చల్లినచోట వృక్షసమాజం పచ్చికనేల వైపు, హీత్ మట్టి చల్లినచోట హీత్ వైపు మళ్లింది. 2016లో వెలువడిన ఈ ప్రయోగంలో విశేషం ఏమిటంటే, ఎవరూ మేలైన పది బ్యాక్టీరియాలను ఎంచి సీసాలో పోసి చల్లలేదు. మొత్తం సమాజాన్ని, పేరు తెలిసినవాటినీ తెలియనివాటినీ, విత్తనాలతో సహా తరలించారు. మట్టి ఆరోగ్యానికి ఒకే ఒక అద్భుత సూక్ష్మజీవిని అమ్మజూపేవారు ఈ తేడాను ఎప్పుడూ ప్రస్తావించరు.

మట్టి డీఎన్‌ఏ పరీక్ష ఇప్పుడు పరిశోధనశాలలు దాటి రుసుము కట్టినవారికల్లా అందుబాటులోకి వచ్చింది. రంగురంగుల వలయాలు, వైవిధ్యానికి ఒక మార్కు, 'మంచి', 'చెడ్డ' బ్యాక్టీరియా శాతాలతో నివేదికలు వస్తున్నాయి. ఒకే నేలను, ఒకే ప్రయోగశాలలో, ఒకే ప్రైమర్‌తో, ఏటా అదే రుతువులో చూస్తే ఆ మార్పుల్లో అర్థం ఉంటుంది. ఒంటరిగా నిలబడిన ఒక్క మార్కుకు అర్థం దాదాపు ఉండదు. పీహెచ్ తటస్థం వైపు జరిగితే చాలు, పంటకు ఏ మేలూ జరగకపోయినా ఆ మార్కు పెరుగుతుంది. అలాంటి నివేదిక చేతికి వచ్చినప్పుడు అడగాల్సినవి కొన్నే: ఎన్ని చోట్ల తవ్వారు, ఎంత లోతు నుంచి, ఏ ప్రైమర్ వాడారు, దేనితో పోల్చి ఈ మార్కు వేశారు, మట్టి వేయని ఖాళీ గొట్టంలో ఏ పేర్లు వచ్చాయి. ఈ చివరి ప్రశ్నకు ప్రయోగశాల దగ్గర జవాబు లేకపోతే మిగిలిన పేజీలు చదవక్కర్లేదు.